కింది అరలో పాలు

ఆదివారం లోపల తెమలాల్సిన పనులని కోడలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. ఫ్రిజ్ ఖాళీ చేసి సోడా నీళ్లతో తుడవాలి. అరల మీది షీట్లు తీసి కడిగి, ఆరబెట్టి, మళ్లీ పరవాలి. పాలగిన్నె, మూత, గరిటె మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి. పెరుగుకి వేరే గిన్నె తియ్యాలి. వెన్న డబ్బాకి బిగువైన మూత కొనాలి. పాలావిడను మాన్పించాలి.

ఏడో పని కూడా ఒకటుంది. అది కాగితం మీదకి ఎక్కలేదు. ఎక్కితే చదివే మనిషి ఆ ఫ్రిజ్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది మరి.

ఆ మనిషి పెద్దత్త. కోడలి భర్తకు పెద్దమ్మ, అంటే చనిపోయిన అత్తగారికి స్వయానా అక్క. ముప్పై ఏళ్లు పాల సేకరణ కేంద్రంలో పనిచేసింది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి పొద్దున్నే వచ్చే క్యాన్ల మూత తీసి, వాసన చూసి, నమూనా తీసి, ఇవి పనికొస్తాయి ఇవి రావు అని చెప్పడం ఆవిడ ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక చెల్లెలి కొడుకుల దగ్గర ఉంటోంది. మొన్నటిదాకా చిన్నవాడింట్లో, ఇప్పుడు పెద్దవాడింట్లో. ఒక ట్రంకుపెట్టె, ఒక శాలువా, గుడ్డసంచిలో ఖాళీ మందుసీసాలు. ఆవిడ సామానంతా అదే. ఖాళీ సీసాలు ఎందుకని మొదటిరోజు కోడలు అడిగితే, "పనికొస్తాయిలే" అంది.

పెద్దత్త వచ్చి ఇరవై రోజులైంది. ఆ ఇంట్లో పాలు విరగడం మొదలై కూడా ఇరవై రోజులే అయింది. ఆ రెండూ ఒకేసారి జరగడం కోడలికి నచ్చలేదు.

కోడలు పెద్దాస్పత్రిలో, ఆపరేషన్ పనిముట్లు శుద్ధి చేసే గదిలో పనిచేస్తుంది. అక్కడ ట్రే మీద షీటు పరవనిదే కత్తెర కూడా పెట్టరు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పాలని వాసన చూసి బతికిన మనిషి తన ఇంటికి వస్తోందని తెలిసిన రోజే వెళ్లి దళసరి ప్లాస్టిక్ షీటు కొనుక్కొచ్చింది. కొలిచి కత్తిరించి, ఫ్రిజ్‌లో ప్రతి అర మీదా అంచు నుంచి అంచుకి, మూలల్లో వేలు దూరకుండా పరిచింది. తీగల అరలు కనపడకుండా తెల్లగా మెరిశాయి. పెద్దత్త వచ్చి, ఫ్రిజ్ తెరిచి చూసింది.

"ఆపరేషన్ థియేటర్‌లా ఉందే. పాలు పెట్టాలన్నా చెప్పులు విప్పాలేమో" అంది.

మెచ్చుకోలో ఎత్తిపొడుపో కోడలికి అంతు చిక్కలేదు. అంతు చిక్కని మాటని మనసు ఎటు తిప్పుకోవాలనుకుంటే అటే తిప్పుకుంటుంది. ఎత్తిపొడుపే అనుకుంది.

పాలు విరిగితే పారబోసుకోవచ్చు. కానీ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఒంటిమీద కండలేని పిల్ల. ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచుకుంటుంది తప్ప మింగదు. పాలు, పెరుగు అంటే మాత్రం గ్లాసు పట్టుకుని వెంటపడుతుంది. ఆ పిల్ల మంగళవారం మధ్యాహ్నం పాలు తాగి సాయంత్రానికి నాలుగు వాంతులు చేసుకుంది. మొహం పీక్కుపోయింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "పాలు ఎక్కడ ఉంచుతున్నారు?" అని అడిగాడు.

"ఫ్రిజ్‌లోనే సార్."

"పగలు ఎవరు పోస్తారు?"

కోడలు ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్తే నాలుగింటికి వస్తుంది. పగలు పోసేది పెద్దత్త. ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. యంత్రం మీద అనుమానం వస్తే ఆయనదే ఆఖరి మాట. ఫ్రిజ్ వెనక్కి వెళ్లి చెవి ఆనించాడు. పైనున్న ఫ్రీజర్ తెరిచి ఐసుని గోటితో గీకాడు.

"మోటారు తిరుగుతోంది. ఐసు రాయిలా ఉంది. ఫ్రిజ్‌కి ఏ రోగమూ లేదు. రోగం ఎక్కడో మనుషుల్లో ఉంది" అన్నాడు నవ్వుతూ. నవ్వుతూ అన్న ఆ మాట ఆయన మరిచిపోయాడు. కోడలు మరిచిపోలేదు.

మనుషుల్లో ముందు చిక్కింది పాలావిడ. బుధవారం పొద్దున గుమ్మంలో క్యాను దించుతూ తనే ఎత్తుకుంది.

"ఏమ్మా, నిన్నటివి కూడా విరిగాయా? మొహం చూస్తేనే తెలుస్తోంది."

"విరక్కేం చేస్తాయి. అందులో ఏం కలుపుతున్నావో నీకే తెలియాలి."

పాలావిడ కొలతపాత్ర క్యాను అంచుకి తగిలించి, నడుం మీద చెయ్యి వేసుకుంది. "నీకంటే ముందు టైలరుకి పోశా. నీ తర్వాత టీచరమ్మకి పోస్తా. క్యాను అదే, చెయ్యి ఇదే. వాళ్లిళ్లలో బుద్ధిగా పడుకున్న పాలు మీ ఇంట్లోకి రాగానే ఎందుకు అలుగుతున్నాయో మీరే అడిగి చూడండి."

"నాకు కబుర్లొద్దు. పిల్ల మంచాన పడింది. రేపట్నుంచి రావద్దు."

"రావద్దంటే రాను. మరి ఆ ఇల్లెందుకు మానేశారని వీధిలో అడుగుతారు కదా, ఏం చెప్పమంటావు?"

"నీ ఇష్టం, ఏమన్నా చెప్పుకో."

"నేను చెప్పేదేముందమ్మా. వాళ్లే అనుకుంటారు" అని మూత బిగించి, క్యాను నడుంకెత్తుకుని వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ వినిపించే చెప్పుల చప్పుడు ఆరోజు వినపడలేదు. అంత మెల్లగా దిగింది.

తలుపు వెనక నిలబడి అంతా విన్న పెద్దత్త, "ఇంకో నాలుగు రోజులు ఆగరాదూ" అంది.

"ఎందుకాగాలి?"

"ఊరికే."

ఆ 'ఊరికే' కోడలి గొంతులో చేపముల్లులా దిగింది. తప్పు పాలావిడది కాదని ఈవిడకి తెలుసా? తెలిస్తే ఎలా తెలుసు?

ఆ సాయంత్రమే దుకాణంలో పాకెట్ పాలు కొనుక్కొచ్చింది. తనే కాచింది. గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చింది. వేడి పాలు తిన్నగా ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఆమెకు తెలుసు. పాతపాలు చుక్క కూడా కలపలేదు. పెరుగు గరిటె దగ్గరికి రానివ్వలేదు. పెద్దగిన్నె కింది అరలోనే పడుతుంది కాబట్టి, అలవాటు ప్రకారం కింది అరలో పెట్టి మూత వేసింది. అనుమానం తీరక, ఆ అరలో షీటు మీద ఇంకో షీటు పరిచింది. శుభ్రం ఎక్కువైతే నష్టమేముంది?

గురువారం పొద్దున ఎలాగో నెట్టుకొచ్చాయి. సాయంత్రం పొయ్యి మీద పెట్టగానే పాలు ముక్కలు ముక్కలై, నీళ్లు వేరై, పులిసిన వాసన గుప్పుమంది. కోడలు పొయ్యి కట్టేసింది. పాలావిడ లేదు. క్యాను లేదు. ఇక మిగిలింది ఇంట్లోవాళ్లు.

ఆ తర్వాత ఆమె కళ్లు పెద్దత్త మీదనుంచి తిరగలేదు. ఒకసారి అనుమానించి చూడటం మొదలుపెడితే మనిషి కూర్చున్నా తప్పే, లేచినా తప్పే. పెద్దత్త మూత తీసి, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని వాసన చూసేది. ఎవరైనా వస్తే మూత పెట్టేసేది. వెన్న డబ్బా ఉల్లిపాయల పక్కన ఉంటే తీసి దూరంగా పెట్టేది, ఎవరినీ అడక్కుండా. తలుపులో పెట్టిన పెరుగుని లోపలికి జరిపేది. ఫ్రిజ్ తలుపు తెరిచి, మోకాళ్ల మీద వంగి, దొంగసొమ్ము వెతికే పోలీసులా లోపలికంటా చూసేది.

పోయినవారం ఒకరోజు పాలగిన్నెలో సగం పాలు చిన్నగిన్నెలోకి తీసి పై అరలో పెట్టింది. కోడలు చూసి కిందికి దించేసింది. "నా వంటింట్లో నా పద్ధతి ఒకటుంది పెద్దత్తయ్యా" అంది. అయితే ఆ దించేలోగా పై అరలో ఒక రాత్రీ ఒక పగలూ ఉన్న ఆ పాలు విరగలేదు. ఇప్పుడు కోడలికి అది గుర్తొచ్చింది. ఈవిడ చెయ్యిపెట్టి దాచుకున్నవి నిలిచాయి. మిగతావి విరిగాయి. అంటే నిలవడం, విరగడం ఈవిడ చేతిలోనే ఉన్నాయా?

శుక్రవారం ఒంట్లో బాగోలేదని చెప్పి రెండింటికే ఇంటికొచ్చింది. తలుపు కొట్టకుండా సందులోంచి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లింది. సొంత ఇంట్లోకి తొంగిచూడటం సిగ్గుచేటని తెలుసు. అయినా చూసింది.

పెద్దత్త వెలుతురుకి ఎదురుగా నిలబడి చిన్న మందుసీసా ఒకటి పైకెత్తి వంచుతోంది. లోపల తెల్లగా ఏదో ఉంది. సీసా మెడకి దారం కట్టి ఉంది. దారానికి ముడులు. ఆవిడ ముడులు వేలితో తడిమి, పెదాలు కదిపి, సీసాని శాలువాలో చుట్టి ఫ్రిజ్ తెరిచింది. తిరిగి మూసేసరికి చేతిలో సీసా లేదు.

కోడలు చప్పుడు చేయకుండా సందులోంచి వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం భర్త రాగానే మేడ మీదకి తీసుకెళ్లి చెప్పింది. ఆయన మొదట కొట్టిపారేశాడు.

"పెద్దమ్మా? నీకేమైనా మతిపోయిందా. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి."

"ఎత్తుకు పెంచితే పాలు ఎందుకు విరుగుతున్నాయి?"

"రెండింటికీ సంబంధమేంటి?"

"అదే నేనూ అడుగుతున్నా. దారాలేంటి, ముడులేంటి? ఆ సీసాలో ఏముంది? తోడేదో తెచ్చి కలుపుతోందేమో. ఇంట్లో పాలు చెడితే, మళ్లీ తనని అడుగుతారని, తనమాట చెల్లుతుందని. ముప్పై ఏళ్లు మూత తీసి మంచీచెడ్డా చెప్పిన మనిషికి ఇప్పుడు ఎవరూ ఏమీ అడగట్లేదుగా."

ఆయన పిట్టగోడ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆఖరికి, "పాప మీద ప్రమాణం చేసి చెప్పు, చూశావా?" అన్నాడు.

"చూశాను."

అక్కడే తమ్ముడికి ఫోను చేశాడు. ఆదివారం పదింటికి వచ్చి పెద్దమ్మని తీసుకెళ్లమన్నాడు. కారణం చెప్పలేదు. అవతల తమ్ముడు, "మా ఇంట్లోంచి పంపి నెల కాలేదన్నయ్యా, మళ్లీ మా ఆవిడకి ఏం చెప్పను" అనడం కోడలికి కూడా వినపడింది. ఆ ఇంట్లో చోటు దొరక్కపోతే పెద్దత్తకు ఇంకో ఇల్లు లేదు. అది ఆమెకు తెలుసు. తెలిసీ ఏడో పని అయినట్టే అనుకుని మెట్లు దిగింది.

శనివారం ఫ్రిజ్ వెతికింది. నాలుగు సీసాలు దొరికాయి. ఐసు కింద పై అరలో గిన్నెల వెనక ఒకటి, ఒక ముడి. మధ్య అరలో ఒకటి, రెండు ముడులు. కింది అరలో పాలగిన్నె చాటున ఒకటి, మూడు ముడులు. తలుపులో గుడ్ల పక్కన ఒకటి, నాలుగు. చెయ్యి వెయ్యబోయి ఆగింది. ఉండనీ. రేపు మరిది వచ్చాక అందరి ముందూ తీస్తే సాక్ష్యం ఉంటుంది. పాపకి ఆరోజు పాలు ఇవ్వలేదు. పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని పెద్దత్త ఒళ్లో కూర్చుంటే, వెళ్లి లాక్కొచ్చింది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి భర్తను పిలిచి, పెద్దత్త ఎదురుగానే ఫ్రిజ్ తెరిచి, నాలుగు సీసాలూ బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇవేంటి పెద్దత్తయ్యా?"

పెద్దత్త ఉలిక్కిపడలేదు. గోడ గడియారం వంక చూసి, "నిన్ననే తీస్తావనుకున్నా. తియ్యకపోవడమే మంచిదైంది. మూడోసారి కూడా పూర్తయింది" అంది. తర్వాత తన గది వైపు చెయ్యి చూపించింది. "పెట్టె సర్దుకున్నాలే. వాడు పదింటికి వస్తాడుగా. మేడ మీద మాట్లాడితే కిందికి వినపడదనుకుంటారు మీరు."

భర్త తల దించుకున్నాడు. కోడలు మాత్రం తగ్గలేదు. "అడిగింది చెప్పండి."

"చెప్పడం కాదు, చూడు. నాలుగూ ఒకే గిన్నెలోవి. నువ్వు శుక్రవారం రాత్రి కాచి చల్లార్చిన పాలే. ఒకే గరిటెతో పోశాను. మరిగించిన సీసాలు. పై అర నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు ముడులు, నాలుగోది తలుపు. తియ్యి మూతలు."

కోడలు ఒక ముడి సీసా ఒక గ్లాసులోకి వంపింది. పాలు జారాయి. వాసన లేదు. రెండు ముడులది కొంచెం చిక్కబడింది. నాలుగోది పుల్లగా కొట్టింది. మూడు ముడుల సీసా వంచితే ఏమీ రాలేదు. అడుగున ముద్ద, పైన నీళ్లు. ఇంకాస్త వంచగానే ముద్ద జారి గ్లాసులో పడింది.

"మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ ఇదే" అంది పెద్దత్త. "పాలావిడ మంచిదే. పాకెట్టూ మంచిదే. నీ చెయ్యి కూడా శుభ్రమే. పై అరలో బతికిన పాలు కింది అరలో చస్తున్నాయి. ఎందుకో మాత్రం నాకు తెలియదు. మా కేంద్రంలో ఫ్రిజ్ ఎక్కడిది, మంచునీళ్ల తొట్టి. అందుకే నోరు మూసుకున్నా. నువ్వే చెయ్యి పెట్టి చూడు."

కోడలు ఫ్రిజ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పై అరలో పెట్టిన చెయ్యి జిల్లుమంది. కింది అరలో పెట్టింది. చలి లేదు. గదిలో బల్ల తాకినట్టుంది. చెయ్యి తీయకుండా పైకి చూసింది. పై అర షీటు మీద చెమట పట్టి నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ షీటు అడుగున పొడిగా ఉంది. అంచు నుంచి అంచుకి. మూలల్లో వేలు దూరకుండా.

ఆమె మెల్లగా పై షీటు లాగింది. తీగల సందుల్లోంచి చల్లగాలి మొహం మీదకి దిగింది.

భర్త వెనకనుంచి వంగి చూసి, నుదురు కొట్టుకున్నాడు. "లిఫ్టు పైన బ్రహ్మాండంగా ఉంది. కిందికి రావడానికి దారే లేదు. నేను ఐసు చూశాను కానీ కింద చెయ్యి పెట్టలేదు."

కోడలు ఒక్కో షీటు తీసి పక్కన పడేసింది. కింది అరలో రెండు వచ్చాయి. రెండోది తనే, పాలు కాపాడదామని పరిచింది. దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. పెద్దత్త రాకముందు రోజు పరిచిన షీట్లు. ఆవిడ వచ్చిన రోజు నుంచి విరిగిన పాలు. ఇంత దగ్గరగా ఉన్న సంగతి, కళ్లెదుట తెల్లగా మెరుస్తుంటే చూడలేదు.

"మొదటిరోజే చెప్పొచ్చుగా పెద్దత్తయ్యా, అరలో ఏదో తేడా ఉందని" అంది.

"అనుమానం చెప్పనమ్మా నేను. ఒకసారి చెప్పాను, చాలు."

అప్పుడు చెప్పింది. కేంద్రంలో చేరిన కొత్త. వానాకాలం. ఒక క్యానులో పాలు మూడు రోజులు వరసగా పులిసిన వాసన కొట్టాయి. ముప్పై ఏడో నంబరు క్యాను. నమూనా తీసి ఉంచకుండా, ఇరవైమంది నిలబడి ఉండగా, "ఈ క్యాను వెనక్కి" అని అరిచింది. "ఇంట్లో నేను తాగి వచ్చానమ్మా, బాగున్నాయి" అందిట ఆ మనిషి. ఎవరూ వినలేదు. నాలుగోరోజు నుంచి రాలేదు. వారం తిరక్కుండా ఇంకో క్యాను అదే వాసన కొట్టింది. వెతికితే, నమూనా తీసే గరిటె పిడి లోపల బోలుగా ఉంది. రాత్రంతా అందులో మిగిలిన పాలు పులిసి, పొద్దున మొదట ముంచిన క్యానులోకి దిగుతున్నాయి. అందరికంటే ముందొచ్చేది ఆ ముప్పై ఏడో నంబరు మనిషే.

"వెతుక్కుంటూ వెళ్లాను. ఆవుని అమ్మేసి ఎటో వెళ్లిపోయారన్నారు. పేరు అడుగుదామంటే మా పుస్తకంలో నంబరే ఉంది. ఆ రోజు నుంచి సీసా మాట్లాడితే తప్ప నేను మాట్లాడలేదు."

పదింటికి మరిది వచ్చాడు. కోడలు గుమ్మంలోనే ఎదురెళ్లి, "టీ తాగి వెళ్లు మరిదీ. పెద్దత్తయ్య ఎక్కడికీ రారు" అంది. ట్రంకుపెట్టె తనే మోసి లోపల పెట్టింది. పెద్దత్త ఒక్క మాటే అంది. "ఉంటాలే. కానీ నా సీసాలు పారెయ్యకు."

తర్వాత కోడలు ఫ్రిజ్ మీది కాగితం తీసి చదివింది. పాలావిడను మాన్పించిన ఆరో పనిని ఇప్పుడు తిరగెయ్యాలి. పాలావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అప్పటికి ఆ వీధిలో ఇంకో రెండిళ్లు పాలు మానేశాయి. పాలావిడ లోపలికి రమ్మనలేదు, వెళ్లమనలేదు.

"మా ఇంట్లో చెప్పడం కాదమ్మా. నా తరఫున మాట్లాడాల్సింది ఆ రెండిళ్లలో" అంది.

కోడలు ఆ రెండిళ్ల గడపలూ ఎక్కింది. తన ఫ్రిజ్ సంగతి తన నోటితోనే చెప్పింది. ఒక ఇల్లు నమ్మింది. రెండో ఇంటావిడ, "చూద్దాంలేమ్మా" అంది. ఆ 'చూద్దాం' ఇప్పటికీ అలాగే ఉంది. సోమవారం పొద్దున గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడగానే పాప గ్లాసు తీసుకుని ముందు పరిగెత్తింది. ఇప్పుడు ఆ ఇంట్లో పాలు పై అరలో, చిన్నగిన్నెల్లో, వట్టి తీగల మీద ఉంటాయి.

మీ ఇంట్లో కూడా ఏదో ఒకరోజు పాలు విరుగుతాయి. ఆరోజు ఎవరి వంకైనా అదోలా చూసేముందు, వానలో అందరికంటే ముందు వచ్చి నిలబడి, మంచి పాలు వెనక్కి మోసుకుపోయిన ఆ మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. పేరు తెలియదు. ముప్పై ఏడో నంబరు క్యాను అని తలుచుకుంటే చాలు.